చేపల చెరువు గట్టున చంద్రమాత

ఆ రోజుల్లో (మరీ పాతకాలమేం కాదు, చేతిలో స్మార్ట్‌ఫోనూ నెత్తిన కొత్త ఉద్యోగమూ ఉన్న రోజులే) నాకు దేవుళ్ళకి కరువు లేదు, మనుషులకే కరువు. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసే పని. ఆదివారాలు హాస్టల్లో చల్లారిన పులిహోర ముందు ఒక్కదాన్నే కూర్చుంటే, తిన్నావా అని అడిగే దిక్కుండేది కాదు. అప్పుడు ఫోన్లో కనబడింది చంద్రమండలి. మతాలు పుట్టకముందు మనుషులు చంద్రుణ్ణీ నేలనీ నీళ్ళనీ కొలిచేవారట, పడమటి దేశాల్లో ఆడవాళ్ళు గుంపులు కట్టి ఆ పూజలే మళ్ళీ మొదలెట్టారట, ఏలూరులోనూ అలాంటి గుంపు ఒకటుందట. వెంటనే చేరిపోయాను. మీలో ఎవరికైనా ఇలాంటి వాటిలో చేరాలని ఉంటే నా సలహా ఒక్కటే. మంత్రాలు తర్వాత అడగొచ్చు, భోజనాలయ్యాక అక్కడ గిన్నెలు ఎవరు తోముతారో ముందు చూసుకోండి.

మండలి పెద్ద పేరు చంద్రమాత. ఆ పేరు ఆవిడకి ఆవిడే పెట్టుకున్నారు. నాలుగు ఇంగ్లీషు పుస్తకాలు చదివి, అందరికీ నల్లగౌన్లు తప్పనిసరి అన్నారు. ఏలూరులో నల్లగౌను కుట్టేది లాయర్లకి కుట్టే దర్జీ ఒక్కడే కాబట్టి, మా దేవతారాధన చూడటానికి అచ్చం కోర్టు వాయిదాలా ఉండేది. కొత్తవాళ్ళు ఏడాది మీద ఒకరోజు గడిస్తేగాని ముగ్గుపిండితో గీసిన వలయంలోకి అడుగు పెట్టకూడదు. అందాకా బయట కూర్చుని చెప్పులు సర్దాలి. "చెప్పులు కాయడం కూడా సాధనేనమ్మా, అహం కరుగుతుంది" అనేవారు చంద్రమాత. (ఆవిడ అహం ఎవరి చెప్పుల దగ్గర కరిగిందో ఎవరూ అడగలేదు.) నవ్వకండి, ఆ వలయంలో నిలబడి పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోవాలని నాకు ఎంత ఆశగా ఉండేదో చెప్పలేను.

ఒకసారి జలదేవత పూజకి జనం తిరగని చోట నీళ్ళు కావాలన్నారు చంద్రమాత. కలిదిండిలో మా బాబాయికి చెరువుందని నోరు జారాను. "అయితే ఆ రోజే నిన్ను లోపలికి తీసుకుంటాను. కానీ పూజ సంగతి ఎవరికీ చెప్పకూడదు. చెబితే మండలిలో ఉండవు" అన్నారు. బాబాయికి కూడా చెప్పలేదు. పౌర్ణమి పూజ సాయంత్రం ఐదింటికే పెట్టుకున్నాం. రాత్రి వంటకి అందరూ ఇళ్ళకి చేరాలి కదా! చంద్రుడింకా రాలేదేమని అత్తిలి నుంచి వచ్చే అక్క అడిగితే, "మనసుతో చూడమ్మా" అన్నారు చంద్రమాత.

చేపల చెరువుల సీమలో పుట్టిన పసిపిల్లలకి కూడా ఒక సంగతి తెలుసు. పట్టుబడి, అంటే ఏడాదంతా పెంచిన చేపల్ని వలలేసి పట్టి అమ్మే రోజు, ఇంక నాలుగు రోజుల్లో ఉందనగా ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు గట్టెక్కి నీళ్ళలో ఏదైనా పోస్తున్నారంటే, అది విషమే. ఆ పూట నాకది తట్టలేదు. చంద్రమాత రాగిచెంబు వంచారు, నేను వలయంలోకి కుడికాలు ఎత్తాను, కాపలా మనిషి కేకేశాడు. బాబాయి మోటార్ సైకిల్ మీద వచ్చి పడ్డాడు. అంత కంగారులోనూ మర్యాద తప్పలేదు.

"ఏవండీ, చెరువులో ఏం పోశారండీ?"

"అది రహస్యమండీ, చెప్పకూడదు" అన్నారు చంద్రమాత.

"ఏడాది కష్టమండీ అది! చెప్తారా, పోలీసుల్ని పిలవమంటారా?"

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. బాబాయి మొహం చూసి ఎత్తిన కాలు వెనక్కి దించేశాను. "పాలూ తేనే బాబాయ్! నేనే కలిపాను."

"అయితే మిగిలింది తాగండమ్మా" అని ఆయన చెంబు చంద్రమాత ముందు పెట్టాడు. "నాకు షుగరండీ" అన్నారావిడ. నేనే లాక్కుని గటగటా తాగేశాను. అప్పటిగ్గాని బాబాయి గట్టు మీద కూలబడి ఊపిరి పీల్చుకోలేదు.

తర్వాత పిన్ని అందరికీ చేపల పులుసుతో అన్నం పెట్టింది. జీవహింస కూడదని చెప్పే చంద్రమాత మూడుసార్లు వడ్డించుకున్నారు. గిన్నెల దగ్గరికి మాత్రం నేనూ అత్తిలి అక్కా తప్ప ఎవరూ రాలేదు. పిన్ని నీళ్ళు తోడుతూ, "నీళ్ళకి దణ్ణం పెట్టుకోవడానికి ఇన్ని గౌన్లెందుకే? ప్రతి పట్టుబడికీ పసుపూ కుంకుమా వేసి గంగమ్మకి కొబ్బరికాయ కొడుతూనే ఉన్నాను. రమ్మంటే ఎప్పుడైనా వచ్చావా?" అంది. తిరుగు ప్రయాణంలో వ్యాను కదలగానే, రహస్యం బయటపెట్టినందుకు నన్ను మండలి నుంచి తీసేసినట్టు చంద్రమాత ప్రకటించారు. తాడేపల్లిగూడెం వచ్చేదాకా ఏడ్చాను. దేనికేడ్చానో తలుచుకుంటే ఇప్పుడు ఆ పిల్ల మీద జాలీ, నవ్వూ కలిసి వస్తాయి.

ఇప్పుడు ప్రతి పట్టుబడికీ అత్తిలి అక్కని వెంటబెట్టుకుని కలిదిండి వెళ్తాను. "ఏమ్మా, మీ లాయరమ్మలు రాలేదా? వాళ్ళొచ్చిన ఏడాది చేప బాగా తూగింది" అంటాడు బాబాయి, వలలు లాగేవాళ్ళందరూ వినేలా. నేను అలవాటు కొద్దీ గట్టు మీద అందరి చెప్పులూ వరసగా సర్దుతూ ఉండిపోతాను. నీళ్ళ దగ్గర నుంచి పిన్ని కేకేస్తుంది. "వాటినెవరూ ఎత్తుకుపోర్లేవే, నువ్విలా ముందుకి రా!"