మా వియ్యపురాలు ఎంచిన గ్లవ్

మొన్న శనివారం మధ్యాహ్నం మా మనవరాలు తన బేస్‌బాల్ గ్లవ్ తెచ్చి నా ఒళ్ళో పడేసి, "అవ్వా, ఇది ఇంక నాకు పట్టదు. కింది ఫ్లాట్ పాపకి ఇచ్చేద్దామా?" అంది. ఆ పాప ఈ చలికాలమే పిల్లల లీగులో చేరింది. ఇచ్చేది శుభ్రంగా ఇవ్వాలి కదా అని తడిగుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాను. వేళ్ళ సందుల్లో మైదానం ఇసుక రాలింది. అరచేతి దగ్గర తోలు నల్లబడి, ముట్టుకుంటే పాత చెప్పులా మెత్తగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తోలు వాసన వెనకాల సన్నగా కొబ్బరినూనె వాసన వచ్చింది. ఇన్నాళ్ళయినా పోలేదు. ఆ వాసనతో పాటు మా వియ్యపురాలు, ఒళ్ళంతా కప్పే నల్లటి అబాయా అంచు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, సౌదీలో మేముండే అల్ ఖోబర్‌లోని ఆ పెద్ద ఆటసామాన్ల దుకాణంలో నడుస్తూ కళ్ళముందు నిలిచింది.

ఆమె మా అమ్మాయికి అత్తగారు, మనవరాలికి జేజి. నంద్యాల దగ్గరి పల్లెటూరు వాళ్ళది. మాది ఆదోని. నేను ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసి, రిటైరై, ఆయన పోయాక ఇక్కడికి వచ్చి కూతురి దగ్గర ఉంటున్నదాన్ని. నాకు తేదీ తేదీలా, కొలత కొలతలా ఉండాలి. ఆమెకు కాలమంతా గేదెల మీద నడుస్తుంది. "మా నల్ల ఎనుము రెండో ఈత ఈనిన యేడు కదా నీ అల్లుడు పుట్టింది" అంటుంది. ఆ ఎనుము ఏ సంవత్సరంలో ఈనిందో చెప్పమంటే నన్ను జాలిగా చూస్తుంది. మూడేళ్ళ కిందటి చలికాలం ఆమె విజిట్ వీసా మీద మా దగ్గరికి వచ్చినప్పుడు, ఒకే ఇంట్లో ఇద్దరు వియ్యపురాళ్ళు ఎలా ఇముడుతారా అని మా అమ్మాయి కంగారుపడింది. మేం ఇమిడాం. వంటింట్లో ఉప్పు విషయంలో తప్ప, ప్రతి విషయంలోనూ వాదించుకుంటూనే ఇమిడాం.

ఆమెకు ఒక అలవాటు ఉంది. పిల్లలకు ఏది కొన్నా ఒక సైజు పెద్దది కొంటుంది. చెప్పులైతే ముందు దూది కుక్కుతుంది, పావడా అయితే అంచు మూడు మడతలు మడిచి కుడుతుంది. పెరిగే పిల్లలకు సరిపోయేది కొనడమంటే ఆమె దృష్టిలో కళ్ళు లేక కొనడమే. మా అల్లుడి పెళ్ళి సూటు కూడా భుజాల దగ్గర ఒక అంగుళం ఎక్కువే. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి ఇంకా పెరుగుతాడనుకుందో ఏమో. ఇక్కడికి వచ్చాక తనకోసం కొనుక్కున్న అబాయా సైతం నేల ఊడుస్తూ ఉండేది. "వదినా, నీకు ఇంకా పొడుగు పెరగాలని ఉందా?" అని నేనడిగితే, "ఉతికితే కుదించుకపోతాది, నీకేం తెలుసు" అనేది. ఆ అబాయా ఎన్ని ఉతుకులు ఉతికినా కుదించుకుపోలేదు.

ఇక ఆట సంగతి. మా అల్లుడు పనిచేసే కంపెనీ కాంపౌండ్‌లో పిల్లలకు బేస్‌బాల్ లీగు నడుస్తుంది. ఎండలు తగ్గాక మొదలై, మళ్ళీ ముదిరేలోపు అయిపోతుంది. శనివారం పొద్దున్నే మైదానం అంతా అమెరికా, ఫిలిప్పీన్స్, జపాన్ పిల్లలతో నిండిపోతుంది. మనవాళ్ళు తక్కువ. మనవాళ్ళంతా పక్కన క్రికెట్ ఆడుతుంటారు. మా మనవరాలు బడిలో పక్కన కూర్చునే స్నేహితురాలి కోసం ఇందులో చేరింది. అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. ఈ ఆటలో ఒక చేతికి తోలు గ్లవ్ తొడుక్కుని దాంతో బంతి పట్టాలి, వట్టి చేత్తో విసరాలి. కుడిచేత్తో విసిరేవాళ్ళు ఎడమచేతికి గ్లవ్ వేసుకుంటారు. గ్లవ్ లేనివాళ్ళకి లీగువాళ్ళ పెట్టెలో పాతవి ఉంటాయి. దానికి దొరికింది ఎవరో పెద్ద పిల్లవాడిది. అందులో దీని చెయ్యి గోనెసంచిలో గరిటెలా ఆడేది.

పట్టడం ఒక కష్టమైతే, విసరడం ఇంకో కష్టం. కుడిచెయ్యి వెనక్కి లాగి ఊపిరి బిగించి విసిరితే, బంతి కోళ్ళకి గింజలు చల్లినట్టు కాళ్ళ ముందే పడేది. పిల్లలు ఇద్దరిద్దరుగా ఎదురెదురు నిలబడి బంతి వేసుకోవాలి. రెండో వారానికే దీని ఎదురుగా ఎవరూ నిలబడడం లేదని గమనించాను. ఆ స్నేహితురాలు కూడా మెల్లిగా పక్కకు జరిగింది. నీళ్ళు తాగే నెపంతో ఇది మాటిమాటికీ మా కుర్చీల దగ్గరికి వచ్చేది. తర్వాతి శనివారం కోచ్ పిల్లలందరినీ కూర్చోబెట్టి, వచ్చే వారం జట్లు విడదీస్తామనీ, ఇంకా విసరడం రానివాళ్ళు ఈ యేడాదికి చిన్నపిల్లల గుంపులోనే ఉంటారనీ చెప్పాడు. చిన్నపిల్లలంటే ఐదేళ్ళవాళ్ళు. బంతిని కర్ర మీద నిలబెట్టి కొట్టేవాళ్ళు. కొట్టాక ఎటు పరుగెత్తాలో తెలియక అమ్మ దగ్గరికి పరుగెత్తేవాళ్ళు.

ఇంటికొచ్చి మనవరాలు బూట్లు కూడా విప్పకుండా, "నేను ఇంక పోను" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. మా అల్లుడు మంచివాడు, ఎవరినీ నొప్పించడు. "సరేలే, డ్రాయింగ్ క్లాసులో వేద్దాం" అన్నాడు. సోఫాలో కాళ్ళు మడుచుకుని వెల్లుల్లి ఒలుస్తున్న జేజి తలెత్తింది.

"మానిపించేదేందిరా? దానికంటూ ఒకటి కొనియ్యి ముందు. ఊరోళ్ళ గ్లౌజులో దాని చెయ్యి యాడుందో దానికే తెలీకుండాది."

"జట్లు వచ్చే వారమేనమ్మా."

"వారం శానా ఉండాది. లెయ్యి."

ఆ సాయంత్రమే అందరం దుకాణానికి వెళ్ళాం. ఈ పని నాది అనుకున్నాను నేను. టేపు పెట్టి పిల్ల చెయ్యి కొలిచి, గ్లవ్ కొలత చూపుడువేలి కొస నుంచి అరచేయి మీదుగా మణికట్టు దగ్గరి అంచు దాకా చూస్తారని తెలుసుకుని, పది నుంచి పదిన్నర అంగుళాల మధ్యది కావాలని తేల్చి బయల్దేరాను. వదిన పదకొండున్నర అంటుందనుకుని, ఎలా కాదనాలో కూడా దారిలోనే ఆలోచించి పెట్టుకున్నాను. గోడ నిండా గ్లవ్‌లు. గులాబీరంగువి, నీలంవి, ప్లాస్టిక్ తళతళలవి. అమ్మే అబ్బాయి హైదరాబాదువాడు. మా మాటలు విని తెలుగులోకి దిగాడు. వదిన గోడ ముందు నిలబడి, ఒక్కొక్కటీ తీసి, బరువు చూసి, "ఇదేందిది, తోలు చేట మాదిరి" అని తిరిగి పెట్టేస్తూ పోయింది. పదిన్నర అంగుళాలది మనవరాలి చేతికిచ్చి, "పిడికిలి ముయ్యి" అంది. మూసుకుంది. అంతకంటే పెద్దది ఇచ్చింది. మూసుకోలేదు. "అయితే చిన్నదే" అంది. నేను దాచిపెట్టుకున్న వాదనలన్నీ అలాగే మిగిలిపోయాయి. ఆమె నోట చిన్నది అన్న మాట నేను వినడం అదే మొదలు.

అప్పుడు అసలు గొడవ మొదలైంది. ఆ అబ్బాయి గ్లవ్‌ను పిల్ల ఎడమచేతికి తొడగబోతే వదిన అడ్డుపడింది.

"ఎడంచేత్తో అందుకుంటారా ఎవురన్నా? కుడిచేతికేసేది తీ."

"అమ్మా, అది లెఫ్ట్ హ్యాండోళ్ళకు. పాప కుడిచేత్తోనే రాస్తది గదా?"

"రాస్తాది. అందుకునేదీ కుడిచేత్తోనే అందుకుంటాది. మర్యాద నేర్పిన పిల్ల."

మా అల్లుడు సిగ్గుతో అటు తిరిగి బ్యాట్లు చూడసాగాడు. "అత్తా, ఇది ఆట, పెళ్ళిభోజనం కాదు" అంది మా అమ్మాయి. నేను కూడా ఆట నియమం వివరించబోయాను. ఆమె వినలేదు. "గుళ్ళో ప్రసాదమైనా, దర్గాలో పెట్టే తబర్రుకైనా, తపాలా అయినా, ఎగిరొచ్చే బంతయినా, చెయ్యి చాపేది కుడిచెయ్యే. నేను కొనిస్తాండా, నేను చెప్పినట్ల కొనాల" అంది. అబ్బాయి నిచ్చెనెక్కి, పైన మూలనున్న అదే కొలత గోధుమరంగుది ఒక్కటి దించాడు. ఎడమచేతివాటం వాళ్ళ గ్లవ్‌లు అంత తక్కువ వస్తాయట. పిల్ల కుడిచేతికి వేసుకుని, పిడికిలి మూసి తెరిచి, జేజి మొహంలోకి చూసింది. జేజి పక్కనున్న సాక్సులు చూస్తోంది.

కొత్త తోలు గట్టిగా ఉంటుంది, మెత్తబరచాలి. దానికి వేరే నూనెలున్నాయని అబ్బాయి చెప్పినా, ఇంటికి రాగానే వదిన కొబ్బరినూనె సీసా తీసింది. నేను చుక్కలు లెక్కపెట్టి పొయ్యమన్నాను, ఎక్కువైతే బరువెక్కుతుందని. "నీ లెక్కలు నీ బళ్ళో" అంటూనే చుక్కలుగానే వేసింది. మధ్యలో బంతి పెట్టి, తన పాత చున్నీతో బిగించి కట్టి, బియ్యం మూట కింద పెట్టింది. వారమంతా మా ఇంట్లో అన్నం వండాలంటే ముందు బేస్‌బాల్ కదపాల్సి వచ్చేది.

శనివారం వచ్చింది. మైదానం మీద ఇంకా పల్చటి పొగమంచు. మేమిద్దరం మడతకుర్చీల్లో, మధ్యలో టీ ఫ్లాస్కు. కోచ్, ఫిలిప్పీన్స్ ఆయన, ఒక్కొక్కరినీ పిలిచి బంతి వేస్తున్నాడు. మా వంతు వచ్చింది. బంతి వచ్చి కుడిచేతి గ్లవ్‌లో పడింది, ఠప్పుమని. పట్టేసింది! నేను లేచి నిలబడ్డాను. ఇప్పుడు విసరాలి. కుడిచేతికి గ్లవ్ ఉంది. మిగిలింది ఎడమచెయ్యి. పిల్ల బంతిని ఎడమచేతిలోకి తీసుకుని, కదలకుండా నిలబడి, అంత దూరం నుంచీ మా కుర్చీల వైపు చూసింది. కోచ్ కూడా అటే చూశాడు. నా పక్కన వదిన ఫ్లాస్కు మూత తిప్పుతూ, తలెత్తకుండా, ఊరంతా వినబడేలా అరిచింది.

"ఇసురూ!"

విసిరింది. బంతి కోచ్ తల మీదుగా పోయి వెనక కంచెకు తగిలింది. ఆయన టోపీ సర్దుకుని, నవ్వి, ఇంకోటి వేశాడు. ఈసారి నేరుగా ఆయన గుండె దగ్గరికే వెళ్ళింది. ఆ తర్వాతదీ అంతే. "ఈ అమ్మాయిది ఎడమచేతివాటమని ముందే ఎందుకు చెప్పలేదు?" అని ఆయన మా అల్లుడిని అడుగుతుంటే, మా అల్లుడు నోరు తెరిచి మమ్మల్ని చూశాడు. మనవరాలు దాని ఈడు పిల్లల జట్టులోకి వెళ్ళింది. స్నేహితురాలు తనంతట తనే వచ్చి ఎదురుగా నిలబడింది.

తిరిగి వస్తుంటే కారు వెనక సీట్లో, మా ఇద్దరి మధ్య కూర్చుని అడిగింది.

"జేజీ, ఎడంచేత్తో విసిరినా. తప్పు కాదా?"

"ఎవురికన్నా ఇచ్చింటే తప్పు. నువ్వు ఇచ్చినావా? ఇసిరేసినావు. అందుకునిందేమో కుడిచేత్తోనే కదా."

"మరి రాసేది?" అంది పిల్ల.

వదిన కిటికీలోంచి బయటికి చూసింది. చూడ్డానికి అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు.

"అన్నం మాత్రం కుడిచేత్తోనే. రాసేది నీ ఇష్టం" అంది.

ఆ సాయంత్రం వంటింట్లో టీ కాస్తూ నేను ఊరుకోలేకపోయాను. ఈ పిల్ల ఏడాదిన్నర వయసు నుంచి ఐదేళ్ళు వచ్చేదాకా, ఫ్యామిలీ వీసా తేలక, ఊళ్ళో జేజి దగ్గరే పెరిగింది. ముద్ద పట్టుకోవడం, పలక మీద అక్షరాలు దిద్దడం అన్నీ అక్కడే. దాన్ని ఇక్కడికి తెచ్చేసరికి అన్ని పనులూ కుడిచేత్తోనే చేసేది. మాకెవరికీ వేరే సంగతి తెలిసే అవకాశమే లేదు.

"వదినా, పాపది ఎడమచేతివాటమని నీకు ముందే తెలుసు కదా?"

"నాకేం తెలుసు? సదువుకున్నదానివి నువ్వు, కొలిచింది నువ్వు" అంది. పాలు పొంగబోతుంటే మంట తగ్గించింది. తర్వాత, పాలతో చెబుతున్నట్టు, "రెండేండ్లప్పుడు మా పెరట్లో కోళ్ళను తరమను రాళ్ళేస్తాండె. ఒక్కటి గురి తప్పేది కాదు" అంది. ఏ చేత్తో వేసేదో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆమెను అంతకుముందు ఇష్టపడ్డాను, ఆ రోజు నుంచి గౌరవించాను. తను పట్టుబట్టి నేర్పిన కుడిచేతి అలవాటును తనే విప్పింది. అందరూ ఉన్న దుకాణంలో మొండిదన్న పేరు తను తెచ్చుకుని, పిల్లను మాత్రం ఎవరి ముందూ చిన్నబోనివ్వకుండా విప్పింది. కుడిచేతి మర్యాద చెడలేదు, ఎడమచేతికి తలుపు తెరుచుకుంది. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినా, ఇంత నేర్పుగా ఒక తప్పు దిద్దడం నాకెప్పుడూ చేతకాలేదు.

ఇప్పుడు ఆమె తన ఊళ్ళోనే ఉంది. మోకాళ్ళు సహకరించక మళ్ళీ రాలేదు. గ్లవ్ తుడవడం అయ్యాక మనవరాలిని పిలిచి, "కిందికి వెళ్ళి ఆ పాప ఏ చేత్తో విసురుతుందో ముందు కనుక్కునిరా" అన్నాను. వెళ్ళి వచ్చింది. కుడిచేత్తోనట. ఇంక దీన్ని ఇచ్చి లాభం లేదు. ఎడమచేత్తో విసిరే మరో చిన్నపిల్ల వచ్చేదాకా నా అల్మరాలోనే ఉంటుంది. ఫోన్‌లో వదినకు ఈ మాట చెబితే, "నువ్వు చిన్నది కొనిపిస్తివి కదా, పెద్దది కొనింటే ఇంకా ఆడుతుండె" అంది. చిన్నదే చాలన్నది ఎవరో నాకు బాగా గుర్తుంది. అయినా కాదనలేదు.

జీవితమంతా రాబోయే చేతులకూ కాళ్ళకూ కొన్న మనిషి, ఆ ఒక్కసారి ఆ రోజున్న చేతికి కొనింది. ఆ చెయ్యి పెరిగి వెళ్ళిపోయింది. ఆ యేటి చలికాలం మాత్రం ఈ తోలులో ఐదు వేళ్ళూ చాపుకుని అలాగే ఉంది.