మెషీన్‌కు పడని నీళ్లు

ఊరి ఎగువన మందుల ఫ్యాక్టరీలు రాకముందు అనంతయ్య వరి పండించేవాడు. ఇప్పుడు ఇస్నాపూర్ దగ్గర గ్రీన్ హైడ్రోజన్ ప్లాంటులో నీళ్లు చూసే పని. నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే ఆ మెషీన్‌కు చెడ్డ నీళ్లు పడవు. అందుకని వచ్చిన ప్రతి ట్యాంకర్‌లో, నీళ్లలోని ఉప్పులు, మలినాలు కొలిచే మీటరు ముంచాలి. అంకె ఎక్కువుంటే వెనక్కి పంపాలి.

ఒకరోజు ఊరికే, ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ల సీసాలో ముంచాడు. మీటరు కూత పెట్టింది. ఇంజనీరు మహేంద్ర పరుగెత్తుకొచ్చాడు.

"ఏ ట్యాంకరండీ అది? పంపించేయండి! ఆ నీళ్లు పోస్తే మెషీన్ వారంటీ పోతుంది."

"ట్యాంకర్ గాదు సారూ. మా ఊరి బోరు నీళ్లు. ఇరవై ఏండ్ల సంది తాగుతున్నం. మాకు వారంటీ ఎవ్వలియ్యలే."

అనంతయ్య మీటరును శుభ్రంగా కడిగి పెట్టాడు. తర్వాత సీసాలో మిగిలిన నీళ్లు తాగాడు.