పన్నెండు కిలోల బండలతో అనంతగిరి

2024 శ్రావణంలో రెండో ఆదివారం, పొద్దున ఏడున్నర. వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్ట మొదట్లో మబ్బు నేల మీదికి దిగి ఉంది. పది అడుగుల అవతల ఉన్నది చెట్టో మనిషో తెలియడం లేదు. తాండూరులో ముప్పై ఏళ్లుగా సంచులు కుడుతున్నాను గానీ, కుట్టిన సంచి వెంట గుట్టకు పోయింది ఆ ఒక్కసారే.

సంచి సునీతది. కోట్‌పల్లి దగ్గర నర్సు. హిమాలయాల్లో పది రోజుల కొండదారి నడవబోతోంది. గుడారం, బట్టలు, తిండి అన్నీ తన వీపు మీదే. అంతకుముందు ఒకసారి వెళ్లి, భుజాలు మొద్దుబారి రెండో రోజే వెనక్కి వచ్చింది. మళ్లీ అంత సెలవు దొరకడానికి రెండేళ్లు పట్టింది.

“పెద్దమ్మా, ఈసారి గూడ భుజాలు వట్టుకుంటె ఇంక నేను గుట్టల మొకం చూడ,” అంది మా కుట్టు దుకాణానికి వచ్చిన రోజున.

“నొప్పి నీ భుజాలల్ల లేదు బిడ్డా, సంచిల ఉంది. గిది ఆరడుగుల మొగోనికి కుట్టింది. నువ్వెంతున్నవ్?” అన్నాను.

ఇలాంటి సంచికి చూడాల్సింది ఎత్తు కాదు, టోర్సో, అంటే మెడ వెనక పొడుచుకొచ్చిన ఎముక నుంచి నడుం ఎముక దాకా వీపు కొలత. ఆమెకు సంచి నాలుగు వేళ్లు పొడవు. అందుకే హిప్ బెల్ట్, అంటే బరువును నడుం మీద ఆపే వెడల్పాటి పట్టీ, కిందికి జారి బరువంతా భుజాలకు వేలాడింది. పట్టీ విప్పి నాలుగు వేళ్లు పైకి జరిపి, మూడు వరసలు కుట్టాను. యాభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, కొలత పుస్తకంలో రాసుకున్నాను.

పరీక్షకు పన్నెండు కిలోల బండ ముక్కలు తీసుకున్నాం. మోసిన మా ఆయన రాములు రైల్లో దారంతా సణుగుడే.

“గుట్ట మీద రాళ్లకు కరువొచ్చిందా? తాండూర్ నుంచి మోస్కవోవాల్నా?”

“తూకమేసిన రాళ్లు గుట్ట మీద దొర్కుతయా? సప్పుడు జెయ్యకుండ నడువ్.”

సంచి నేనే నింపాను. రాళ్లన్నీ అడుగున, పైన బట్టలు. బండల పని చేసే ఊరు మాది. బరువు కిందే ఉండాలన్నది మా లెక్క. ఎక్కుడు మొదలైన ఇరవై అడుగులకే సంచి వెనక్కి గుంజింది. సునీత వెల్లకిలా పడింది. దెబ్బ తగల్లేదు, కానీ లేవలేదు. మబ్బులోకి చూస్తూ, “నేను పోను పెద్దమ్మా,” అంది.

సంచి విప్పి నేను తగిలించుకున్నాను. నాలుగడుగులు వేయగానే ఎవరో వెనక నుంచి జబ్బ పట్టి లాగినట్టయింది. అట్లాంటి సంచిని నా వీపున వేసుకోవడం అదే మొదలు.

“తప్పు నాది బిడ్డా. లే.”

బట్టలు అడుగున వేసి, రాళ్లను నడిమికి తెచ్చి వీపుకు ఆనేలా సర్దాను.

ఈసారి ఆమె సంచి తగిలించుకుని మెల్లగా మబ్బులోకి నడిచింది. ముందు కాళ్లు కనబడకుండా పోయాయి, తర్వాత తల. ఎర్ర సంచి ఒక్కటే గాల్లో తేలుతూ పైకి పోయింది. కాసేపటికి అదీ లేదు. ఆకుల మీంచి నీళ్లు రాలే చప్పుడు. చాలాసేపటికి ఎక్కడో పైనుంచి, నిద్రలో విన్నట్టు, “పెద్దమ్మా, భుజాల మీద ఏం లేనట్టే ఉంది!” అని వినబడింది.

తర్వాత హిమాలయాల్లో ఆ కొండదారి పది రోజులూ నడిచి వచ్చింది.

కుట్టు గట్టిగా ఉంటే చాలనుకునేదాన్ని. ఇప్పుడు బడిపిల్లల సంచి అయినా సరే, బరువేసి నేను తగిలించుకుని వీధి చివరిదాకా నడవనిదే ఇవ్వను.

ఆ పొద్దున గుట్ట మీద ముగ్గురమే: సునీత, మా ఆయన రాములు, నేను లక్ష్మమ్మ.