క్లారీ వేసిన రెండు పలకలు

మా విరాబిల్లాలో క్లారీ హాగ్‌బెన్ అంటే ఎవరికీ పెద్దగా ఇష్టం ఉండేది కాదు. చెడ్డవాడని కాదు, ఎవరికీ లొంగడని. ఊరి దిగువనున్న పాత ఆనకట్ట అతని చేతిలో ఉండేది. చెక్క పలకలు ఒకదానిమీద ఒకటి పేర్చిన ఆనకట్ట అది. పలక వేస్తే ఊరి పక్కన నది నిండుతుంది, తీస్తే నీళ్లు కిందనున్న చిత్తడికి పోతాయి. పొద్దున్నే గట్టు దిగి, అరచెయ్యి నీళ్లలో పెట్టి, ఆ చెయ్యి తుడుచుకోకుండానే ఆ రోజు పలకల సంగతి తేల్చేసేవాడు. ఆ తర్వాత మేయరొచ్చి అడిగినా, బిషప్పొచ్చి అడిగినా మాట మారదు.

నేను సిస్టర్ల బడిలో చదువుకున్నవాణ్ణి. అబద్ధమాడితే నాలుకమీద నల్లమచ్చ పడుతుందని సిస్టర్ బొనవెంచర్ చెప్పింది. అప్పట్నుంచీ అద్దంలో చూసుకుంటూనే ఉన్నాను, ఇంకా పడలేదు. ఆనకట్ట కింద ఓ కార్ప్ చేప, క్లారీ పెళ్లాం డల్సీ ఆరేసిన దుప్పటి మింగి మర్నాడు ఉతికి తెచ్చిచ్చిందని ఊరంతా చెప్పింది నేనే. "ఇస్త్రీ కూడా చేసిందని చెప్పకపోయావా" అంది డల్సీ. క్లారీ మాత్రం నవ్వలేదు. "కార్ప్ దుప్పటి మింగదు" అన్నాడు. అలాంటి మనిషి.

అతని మొహం విప్పారేది కంకణాయి పక్షుల మాటొస్తేనే. కొడవలిలా వంగిన నల్ల ముక్కు, మెడకింద ఎండుగడ్డి పోచల్లా వేలాడే ఈకలు. వరదొచ్చిన ఏడే అవి మా చిత్తడికి వస్తాయి. సగం మునిగిన, లిగ్నం అనే పుల్లల తుప్పల్ని తొక్కి తొక్కి చదునుచేసి, వాటిమీద గూళ్లు పెడతాయి. ఎగువన పెద్ద డ్యామ్ కట్టాక వరదలూ తగ్గాయి, పక్షులూ తగ్గాయి. నేను చెప్పే ఏడు, చాలాకాలం తర్వాత వాన దంచికొట్టింది. పక్షులు ఆకాశం కనపడకుండా దిగాయి. వరద తీశాక కూడా, పిల్లలు ఎగిరేదాకా చిత్తడికి నీళ్లు వదులుతూనే ఉండమని క్లారీకి పైనుంచి చెప్పారు. చెప్పకపోయినా వదిలేవాడే. క్లబ్బులో బీరు గ్లాసు పట్టుకుని "నా పక్షులు" అనేవాడు.

"అయితే నీ బీరుకి డబ్బులు కూడా వాటినే ఇమ్మను" అనేవాళ్లం.

ఆ వసంతంలోనే తెప్పల పోటీ వచ్చింది. పాత డ్రమ్ములు, ఖాళీ బీరు పీపాలు కట్టిన తెప్పలెక్కి, ఒకరిమీద ఒకరు పిండి సంచులు విసురుకుంటూ పబ్బు దాకా తెడ్లేసుకుపోవడం మా ఊరికి ఏటా పెద్ద పండగ. కానీ నీళ్లన్నీ చిత్తడికి పోతుండటంతో ఊరి దగ్గర నది సన్నబడింది. పబ్బు ముందు బురద తేలింది. తెప్పలు అక్కడే కూరుకుపోతాయి.

క్లబ్బు ప్రెసిడెంటు నెవ్ టర్నెల్ ఆనకట్ట దగ్గరికి వచ్చాడు. నేను పక్కనే గాలం వేసుకుని కూర్చున్నాను.

"రెండు పలకలు వెయ్యరా, క్లారీ. సోమవారం తీసేద్దువు."

"కుదరదు."

"ఎవడికి తెలుస్తుంది?"

"పక్షులకి."

"వాటికి రెక్కలున్నాయిరా. మా తెప్పలకే లేవు."

నెవ్ సంచిలోంచి ఓ తెల్లటోపీ తీశాడు. నల్ల అంచు, ముందువైపు బంగారు దారంతో కుట్టిన లంగరు. "క్లబ్బు తెప్పకి ఈసారి కెప్టెన్ కావాలి. అందరం నిన్నే అనుకున్నాం" అన్నాడు.

క్లారీని ఊళ్లో ఎవరూ దేనికీ పిలిచేవారు కాదు. పెళ్లికి పిలిచినా వంటింటి వైపు బల్ల దగ్గర కూర్చోబెట్టేవారు. అతను టోపీని అటూ ఇటూ తిప్పాడు. లోపలి పట్టీ కూడా వేలితో తడిమి చూశాడు. "నా తలకి పట్టదేమో" అన్నాడు.

పలకలు పడ్డట్టేనని నాకప్పుడే అర్థమైంది.

నది నిండింది. క్లబ్బు తెప్పే గెలిచింది. పిండితో తెల్లబడ్డ క్లారీని భుజాలమీద ఎక్కించుకుని పబ్బులోకి మోసుకెళ్లారు. అతను అంత నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. అతనికి అన్ని పళ్లున్నాయని కూడా తెలీదు.

సోమవారం పలకలు తీశాడు. నీళ్లు మళ్లీ చిత్తడికి చేరాక, పక్షుల్ని చూపిస్తానని తన రేకు పడవలో నన్ను తీసుకెళ్లాడు. టోపీ పెట్టుకునే వచ్చాడు.

మామూలుగా అయితే చిత్తడికి ఎంతో దూరంలోనే వాటి గోల చెవులు దిమ్మెక్కించేది. ఆ రోజు పడవ మోటారు చప్పుడొక్కటే వినపడింది. అంచునున్న గూళ్ల దగ్గర పెద్ద పక్షి ఒక్కటీ లేదు. గుడ్లు చల్లగా పడి ఉన్నాయి. కొన్ని గూళ్లలో ఈకలు సరిగ్గా రాని పిల్లలు, మెడలు వాలేసి ఉన్నాయి. కాకులు తీరిగ్గా గూటి నుంచి గూటికి నడుస్తున్నాయి. తుప్పల కాడలమీద, ఇప్పుడున్న నీటికి జానెడు కింద, బురద చార ఒకటి నీళ్లలోంచి మసగ్గా కనిపించింది. ఆ రెండు రోజులూ నీళ్లు అక్కడిదాకా దిగిపోయాయి.

"నీళ్లు వెనక్కొచ్చాయి కదరా" అన్నాను.

"వస్తాయని వాటికెలా తెలుస్తుంది? చిత్తడి ఎండిపోతోందనుకున్నాయి. పిల్లలకి మేత దొరకదనుకున్నాయి. లేచిపోయాయి."

లోతు ఎక్కువున్న నడిమధ్యన మాత్రం కొన్ని ఇంకా గూళ్లమీదే ఉన్నాయి. మమ్మల్ని చూసి మెడలెత్తాయి. క్లారీ మోటారు ఆపేశాడు. టోపీ తీసి, పీట కిందకి తోసేశాడు. తెడ్డు వేసుకుంటూ వెనక్కొచ్చాం. దారిలో నాకు ఏ కథా తట్టలేదు.

శుక్రవారం సాయంత్రం క్లబ్బులో ఎప్పటిలాగే మాంసం లాటరీ. చాప్స్, సాసేజ్‌లు పేర్చిన ట్రే ఒకటి, దానికోసం చీటీలు కొన్న ఊరంతా. ఈసారి చీటీ తీసే గౌరవం కెప్టెన్‌దే, టోపీ పెట్టుకుని రావాల్సిందే అన్నారు. డల్సీ ముందు వరసలో కూర్చుంది. ఎప్పుడూ ఆవిడ కూర్చునేది తలుపు దగ్గర.

నెవ్ మైకు పట్టుకున్నాడు. "పోటీ అంత బాగా కుదిరింది కాబట్టి, ఈ ఆదివారం పక్క ఊరివాళ్లతో ఇంకోటి. నీళ్ల సంగతి మన కెప్టెన్ చూసుకుంటాడు."

చప్పట్లు కొట్టారు. మళ్లీ పలకలు పడితే నడిమధ్యన మిగిలిన గూళ్లు కూడా పోతాయి. కుదరదని ఊరుకుంటే పాత క్లారీ మళ్లీ మొదలెట్టాడంటారు. ఎందుకు కుదరదో చెబితే, తను చేసిన పని తన నోటితోనే చెప్పాలి.

క్లారీ చీటీ తీశాడు. నంబరు చదివాడు. తర్వాత టోపీ తీసి చాప్స్ మీద పెట్టాడు.

"అదేంట్రా, దాన్ని కూడా వేయించాలా?" అన్నారెవరో. నవ్వులు.

"అంచు గూళ్లన్నీ పోయాయి" అన్నాడు క్లారీ. "పిల్లలు ఎగరకుండానే చచ్చాయి. పలకలు వేసింది నేనే. టోపీ కోసం వేశాను."

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. నెవ్ మైకు కిందికి దించాడు. "వెయ్యమన్నది నేను కదరా" అన్నాడు, మైకు లేకుండా, చిన్నగా.

"అడగటానికి నీకేం, నువ్వు పక్షుల కాపలాదారువి కాదు" అన్నాడు క్లారీ.

ఎవరూ అతని మొహంలోకి చూడలేదు. అందరికీ గ్లాసుల్లో ఏదో పడ్డట్టు గ్లాసుల్లోకే చూశాం. డల్సీ లేచి వచ్చి, "పద, పొయ్యిమీద సూపు పెట్టొచ్చాను" అంది. ఇద్దరూ వెళ్లిపోయారు. ట్రే ఎవరూ తీసుకోలేదు. అతను చదివిన నంబరు నాదే. చీటీ నా జేబులోనే ఉంది. నేనూ లేవలేదు.

ఆ ఆదివారం పోటీ జరగలేదు. నడిమధ్య పిల్లలు ఎగిరాయి. మరుసటి వేసవిలో మిడతలు పడి నెవ్ పశువుల మేతంతా నున్నగా గొరిగిపోయాయి. ఏరి తినడానికి కంకణాయిలు ఎక్కువ లేవు. మిడతల గురించి నెవ్ ఎవరి దగ్గరా నోరెత్తలేదు. అప్పట్నుంచీ నీళ్లు తగ్గిన ఏడు తెప్పల్ని బురదలోంచి మోసుకుంటూ పబ్బు చేరుతున్నాం. "నా పక్షులు" అన్న మాట క్లారీ మళ్లీ అనలేదు.

అతను పని మానేశాక పలకలూ పోయాయి. ఇనప తలుపులొచ్చాయి. పట్నంలో ఎవరో మీట నొక్కితే కదులుతాయి. ఆ తర్వాత ఓ ఏడు పెద్ద వరదొచ్చి, కంకణాయిలు మళ్లీ దిగాయి. క్లారీని నా ట్రక్కులో ఎక్కించుకుని చిత్తడి కంచె దాకా తీసుకెళ్లాను. గోల అక్కడిదాకా వినపడుతోంది. అతను దిగలేదు.

"నువ్వెళ్లి చూసిరా."

"నువ్వో?"

"గుర్తుపడతాయి."

"పక్షులు మనుషుల్ని గుర్తుపట్టవు, క్లారీ" అన్నాను. అలాంటి మాట నేను అనాల్సి వచ్చింది.

అతను కిటికీలోంచి అటువైపు చూస్తూ కూర్చున్నాడు. నేను నీళ్లలోకి దిగి, మొదటి గూళ్ల దాకా వెళ్లి తిరిగొచ్చాను. ఎన్నున్నాయని అడుగుతాడేమోనని పెద్ద లెక్కే సిద్ధం చేసుకున్నాను. అతను పక్షుల గురించి అడగలేదు.

"నీళ్లు ఎంతున్నాయి?" అన్నాడు.

తడిసిన నా పంట్లాం చూపించాను. క్లారీ కిటికీలోంచి వంగి, నా తొడమీద తడి ఆగినచోట అరచెయ్యి ఆనించాడు. కాసేపు అలాగే ఉంచాడు.

"చాలు" అన్నాడు. చెయ్యి తుడుచుకోలేదు.