పులి సినిమాకు వకీలు

సినిమాల గురించి మేము ముగ్గురం కొట్లాడుకుంటుంటే ఆపడానికి ఒకసారి మార్కాపురం పోలీసులు వచ్చారు. జీపు ఆగింది, ఎస్సై దిగాడు, లాఠీ మా బల్ల మీద పెట్టి "ఏందయ్యా మీ గొడవ?" అన్నాడు. ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. జరిగింది ఏమిటంటే, ఒక కానిస్టేబులు టీ తాగడానికి వచ్చి, మా అరుపులు భరించలేక గ్లాసు పట్టుకుని రోడ్డు అవతలికి పోయి తాగాడు. జీపు లేదు. లాఠీని గిద్దలూరులో మా వియ్యంకుడికి చెప్పేటప్పుడు కలిపాను.

నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. మార్కాపురం నుంచి గిద్దలూరుకు, గిద్దలూరు నుంచి మార్కాపురానికి. దోవలో ఏమీ జరగదు కాబట్టి జరిగినట్టు చెప్పడం అలవాటైంది. ఒకసారి నల్లమల అంచున బస్సుకు అడ్డంగా పెద్దపులి నిలబడిందనీ, నేను విజిలు ఊది దాన్ని తరిమాననీ చెబుతుంటాను. అది అడవిపిల్లి. అది కూడా డ్రైవరు చూశాడు. నేను ఆ టైములో వెనక సీట్లలో టిక్కెట్లు కొడుతున్నాను.

మా బల్ల పాత సినిమాహాలుకు ఎదురుగా ఉన్న టీ దుకాణంలో. హాలు ఇప్పుడు కల్యాణమండపం. తెర ఉన్నచోట పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే ఎర్ర కుర్చీలు వేశారు. కాబట్టి మేము సినిమాలు ఫోన్లో చూసుకుని, కొట్లాటకు మాత్రం హాలు ఎదుటికి వచ్చేవాళ్లం.

ముగ్గురిలో ఒకడు నేను. రెండోవాడు బావ. చుట్టరికం లేదు, పిలుపే. కొనకనమిట్ల వైపు పల్లె నుంచి చిన్నప్పుడే వచ్చి, పలకల ఫ్యాక్టరీలో రాతిబండను ఉలితో పొరలు పొరలుగా చీల్చే పనిలో ముసలివాడయ్యాడు. ఆదివారం పొద్దున చర్చి, ఆ తర్వాత మా బల్ల. మూడోవాడు మామ. అర్ధవీడు రైతు. పొలం కొడుకులకు అప్పజెప్పి ఇక్కడ కూతురి దగ్గర ఉంటున్నాడు. మా ఇద్దరికన్నా పెద్దవాడు, ఏ సినిమా పెట్టినా నిద్రపోతాడు.

మా బల్లకు ఒక చట్టం ఉండేది. సినిమా ఎవరు తెస్తే వాడే దానికి వకీలు. మిగతా ఇద్దరూ తిడతారు, వకీలు కాచుకోవాలి. మొహమాటానికి "బాగుంది" అనకూడదు. ఆ మాట అన్నవాణ్ణి బల్ల మీంచి లేపేసేవాళ్లం.

బావ తెచ్చేవన్నీ పోయిన సినిమాలే. అందరూ వదిలేసిన దాన్ని ఎక్కడినుంచో వెతికి పట్టుకొచ్చేవాడు. ఒకసారి లిఫ్టు నడిపే ముసలాయన సినిమా తెచ్చాడు. సగం దాకా పాత బిల్డింగు, అందులో ఎక్కి దిగే జనం, అంతే కథ. ఇంటర్వెల్ తర్వాత ఆ ముసలాయన చేతికి మిషన్‌గన్ ఇచ్చారు.

"లిఫ్టు నడిపేటోడికి గన్ను యాడిది బావా?" అన్నాను.

"గన్ను సంగతి వదిలెయ్. ఖాళీ లిఫ్టులో ఒక్కడే కిందికి వచ్చేటప్పుడు అద్దంలో చూసి తల దువ్వుకుంటాడే, అది చూసినావా? పక్కన ఎవరన్నా ఉంటే దువ్వుకోడు."

"నేను అద్దం కాడికి రాకముందే నిద్రపోయినా" అన్నాడు మామ.

"నువ్వు నీ పెళ్లిలో గూడా నిద్రపోయింటావు మామా."

"నాకు రీల్సు చాలురా అల్లుడా. అర నిమిషంలో పాట, ఫైటు, ఏడుపు అన్నీ అయిపోతాయి. మూడు గంటలు కూచుని మీరేం సాధించినారు?"

పాత సినిమాలను మళ్లీ విడుదల చేస్తే కుర్రాళ్లు కాగితాలు చించి ఎగరేస్తున్నారని మామకు కోపం. పొద్దున ఆట పూర్తి కాకముందే ఫోన్లో ఎవడో రెండున్నర మార్కులు వేసేస్తున్నాడని బావకు కోపం. "ఒక సీనుకు నూరేసి, మిగతాదానికి సున్నా ఏస్తే ఆ సినిమాకు ఎంతరా? చెప్పమను వాణ్ణి" అనేవాడు. ఇంకా రెచ్చగొడితే రాతి పనిలోకి వెళ్లేవాడు. "బండంతా పగిలిపోయినా లోపల ఒక్క పలక మంచిది దొరికితే తీసుకుంటాం గాని, బండను తిట్టుకుంటా కూచోం."

"ఆ పలకను నువ్వు ఇంటికి తీసుకపో. మాకు బండంతా ఎందుకు మోయిస్తావు?" అనేవాడు మామ.

బావ దగ్గు మాకు కొత్తేమీ కాదు. పలకల దుమ్ములో పనిచేసినవాళ్లు దగ్గుతారు, మేము ఆగుతాం, మళ్లీ మొదలుపెడతాం. తర్వాత తర్వాత ఆగడం ఎక్కువైంది. ఒంగోలు తీసుకుపోయారు, తీసుకొచ్చారు. ఇంట్లో మంచం పక్కన ఆక్సిజన్ మిషను వచ్చింది. బావ బల్ల దగ్గరికి రాలేడు కాబట్టి బల్లే బావ దగ్గరికి పోయింది. మామ ఫ్లాస్కులో టీ తెచ్చేవాడు. స్టూలు మీద ఒక పలకముక్క నిలబెట్టి, దానికి ఫోను ఆనించి చూసేవాళ్లం.

ఒకరోజు మేము పోయేసరికి బావ భార్య సందు మొదట్లోనే ఎదురొచ్చింది. ఆమెను నేను అక్కా అంటాను.

"తమ్ముడా, ఆగండి. లోపలంతా రాయైపోయిందంట. వానలు పడేదాకా ఉంటే ఎక్కువ అన్నాడు డాక్టరు. ఆయనకు మాత్రం మందులు మారిస్తే తగ్గుతాదని చెప్పినాం. మీరు నోరు జారొద్దు. మీ మొగాల్లో గూడా కనపడగూడదు."

మామ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నేను నాకు బాగా వచ్చిన పనే కదా అనుకున్నాను. జీవితమంతా లేనిది ఉన్నట్టు చెప్పినవాడికి ఇదొక లెక్కా?

ఆరోజు బావ తెచ్చింది పులి సినిమా. అడవి పక్కన పల్లె. మనుషుల్ని తినే పులి. దాన్ని పట్టడానికి వచ్చిన ఆఫీసరు. పులిని గ్రాఫిక్సులో చేశారు. నీళ్లలో ముంచి తీసిన పిల్లిలాగా ఉంది, నడుస్తుంటే కాళ్లు నేలకు ఆనడం లేదు. మధ్యలో, పులి చంపిన మనిషి భార్య ఇంట్లో రెండు పళ్లేలు ముందు పెట్టుకుని కూర్చునే సీను ఒకటి ఉంది. నేను అంతవరకే చూశాను. బావ ముక్కు దగ్గర గొట్టాన్ని, లేచి పడుతున్న రొమ్మును చూస్తూ ఉండిపోయాను.

సినిమా అయిపోయింది. బావ దిండు సర్దుకుని లేచి కూర్చున్నాడు.

"ఊఁ. మొదలుపెట్టండి."

"బాగుంది బావా" అన్నాను.

"చానా బాగుంది" అన్నాడు మామ.

బావ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"పులి?"

"పులికేమైంది? నిజం పులి లెక్కనే ఉంది" అన్నాడు మామ. అడవి పక్కన పుట్టి, పులి అడుగులు చూసి పెరిగిన మనిషి ఆ మాట అన్నాడు.

బావ ముక్కు దగ్గర గొట్టం సర్దుకున్నాడు.

"ఒంగోలు డాక్టరు ఏం చెప్పినాడు?" అన్నాడు బావ.

"ఏం చెప్తాడు? మందులు మారిస్తే తగ్గుతాదని..."

"ఆ పులిని బాగుందన్న నోటితోనేనా ఈ మాట గూడా చెప్పేది?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. మామ ఫ్లాస్కు మరిచిపోయి బయటికి వచ్చేశాడు.

మర్నాడు పొద్దున్నే అక్క మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి అరిచింది.

"చెప్పొద్దంటే చెప్పేసినారే!"

"మేమేం చెప్పలేదక్కా. సినిమా బాగుందన్నాం. అంతే."

ఇన్నేళ్లూ మా అరుపులు విన్న మనిషి. ఆమెకు అర్థమైంది. మెట్టు మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. కాసేపటికి కొంగు తీసి, "అడిగినాడు. ఇంక దాయలేక చెప్పేసినా" అంది. "నిన్ను రమ్మన్నాడు. తిట్టడానికి రమ్మన్నాడు."

పోయాను. మామ రాలేనన్నాడు. నేను చెప్పులు విడుస్తూనే పులితో మొదలుపెట్టాను.

"తడిసిన పిల్లి బావా అది. దానికి భయపడే ఊరు ఊరేనా? ఆ ఆఫీసరు అడవిలో నల్లద్దాలు పెట్టుకుని ఎవరిని చూస్తాండాడు? నాలుగు పాటలు ఎవరు పెట్టమన్నారు?"

బావ మొహం వెలిగింది. ఆరోజు ఆయన గంటసేపు కోర్టులో వాదించినట్టు వాదించాడని నేను తర్వాత టీ దుకాణంలో చెప్పాను. అంత లేదు. ఆయనకు నాలుగు మాటలకు మించి ఊపిరి ఆడలేదు. ఒక మాట అని, కళ్లు మూసుకుని, మిషను ఆయన తరఫున కాసేపు గురగురమన్నాక ఇంకో మాట అనేవాడు. నేను ఆగాను. కొట్లాటలో మాటమాటకూ ఆగడం నాకదే మొదలు.

"పళ్లెం సీను?" అన్నాడు చివరికి.

"అదీ చెత్తే. మొగుడు చచ్చిపోయినాక ఆయనకొక పళ్లెం పెట్టి కూచోడమేంది? ఏ ఇంట్లోనన్నా పెడతారా? మనల్ని ఏడిపించాలని పెట్టినారు."

బావ నవ్వాడు. నవ్వుకు ఊపిరి చాలలేదు. అక్క పరుగున వచ్చి వీపు నిమిరింది. తేరుకున్నాక అన్నాడు.

"నువ్వు చూడలేదు బావా."

"చూసినా."

"లేదు. నువ్వు నన్ను చూస్తా ఉన్నావు. నేను నిన్ను చూసినా గదా." కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు. "సరిగ్గా చూసి రా పో. అప్పుడు తిట్టు."

"ఆదివారానికి చూసొస్తా. వచ్చి నీ కేసు కొట్టేయిస్తా."

"రా, చూద్దాం" అన్నాడు.

ఆదివారం దాకా బావ లేడు. ఆయన వెనక మార్కాపురమంతా నడిచిందని నేను గిద్దలూరులో చెప్పాను. వాళ్ల సందు, చర్చి వాళ్లు, ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లు నడిచారు. దగ్గుతూ నడిచినవాళ్లు కొంతమంది ఉన్నారు. అది పెంచి చెప్పడం లేదు.

మిషనును అద్దెకిచ్చినవాళ్లు వచ్చి తీసుకుపోయారు. అప్పుడప్పుడు సాయంత్రం పోయి అక్క దగ్గర కాసేపు కూర్చునేవాణ్ణి. మాట్లాడటానికి ఏమీ ఉండేది కాదు. ఒకరోజు ఆమే అడిగింది.

"మీరిద్దరూ ఆఖరుగా కొట్లాడినారే, ఆ సినిమా పెట్టు తమ్ముడా. అంత ఆయాసంలో దేనికోసం అరిచినాడో చూస్తా."

అదే స్టూలు, అదే పలకముక్క. పులి రాగానే అక్క పకపకా నవ్వింది. "ఇదేం పులి నాయనా! గిన్నెలో పాలు పోస్తే తాగిపోయేట్టుంది." బావ పోయాక ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. ఇంకాసేపటికి మాట వినపడలేదు. చూస్తే గోడకు తల ఆనించి నిద్రపోయింది. ఎన్ని నెలలుగానో మిషను చప్పుడు ఆగుతుందేమో అని చెవి అటే పెట్టి పడుకున్న మనిషి. లేపబుద్ధి కాలేదు. ఫోను సౌండు తీసేశాను.

పళ్లెం సీను మాటల్లేకుండా వచ్చింది. ఆమె ముందు రెండు పళ్లేలు ఉన్నాయి. ఒకటి పెద్దది, మొగుడిది. ఆ పళ్లెంలో ఎవరన్నా చెయ్యి పెడితే ఆయన ఊరుకునేవాడు కాదని సినిమా మొదట్లోనే చూపించారు. మొదటిసారి అదీ నేను పట్టించుకోలేదు. రెండోది చిన్నది, అంచు సొట్టపోయింది, ఆమెది. ఆమె ఆయనకు అన్నం పెట్టలేదు. తన సొట్ట పళ్లేన్ని కొంగుతో తుడిచి, లేచి పైన గూట్లో పెట్టేసింది. వచ్చి కూర్చుని పెద్ద పళ్లెంలో తనకు వడ్డించుకుంది. ఆకలిగా తింది. మధ్యలో ఒకసారి, ఎవరైనా చూస్తారేమో అన్నట్టు తలుపు వైపు చూసి, మళ్లీ తింది.

అంతే సీను. తర్వాత ఆఫీసరు, నల్లద్దాలు, పాట.

నేను అక్కను చూశాను. నిద్రలో ఆమె నోరు కొంచెం తెరుచుకుంది. ఫోను ఆపేసి, తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను.

మర్నాడు టీ దుకాణంలో మామ ఒక్కడే కూర్చుని రీల్సు చూసుకుంటున్నాడు. ఎదురుగా మండపంలో ఎవరిదో పెళ్లి, బ్యాండు మోగుతోంది.

"మామా, పులి సినిమా కేసు బావ గెలిచినాడు."

"ఎట్ల?"

చెప్పాను. పళ్లెం, సొట్ట, గూడు, తలుపు వైపు చూపు. ఒక్క ముక్క కలపలేదు. మామ అంతా విని గ్లాసు పక్కన పెట్టాడు.

"పెంచి చెప్తాండావు అల్లుడా."

"లేదు మామా."

"నేను గూడా చూసినా గదా. రెండు పళ్లేలు పెట్టుకుని కూచుంది, ఏడ్చింది. పోలీసోళ్లను దింపినావు, పులిని దింపినావు. ఇప్పుడు పాపం పోయినోడికి కేసు గూడా గెలిపిస్తాండావు. పోనీలే. మంచిదే."

"నువ్వు ఆరోజు సినిమా చూడలేదు మామా. నేనూ చూడలేదు."

మామ కళ్లద్దాలు తీసి తువ్వాలుతో తుడిచి పెట్టుకున్నాడు. చెయ్యి చాచాడు. ఫోను ఇచ్చాను. బ్యాండు చప్పుడులో ఏమీ వినపడదు, అయినా ముందుకు జరపనివ్వలేదు, మొదటినుంచి పెట్టించుకున్నాడు. పులి వచ్చినప్పుడు "థూ, పిల్లి" అన్నాడు. నిద్రపోలేదు. టీ చల్లారిపోయింది. పళ్లెం గూట్లోకి పోయింది, ఆమె తింది, తలుపు వైపు చూసింది. మామ ఫోను మీంచి తల ఎత్తలేదు.

"ఎనక్కి తిప్పు" అన్నాడు.

వెనక్కి తిప్పాను.