వాసన పట్టే కండక్టర్ సారు

మొన్న ఆదివారం కండక్టర్ సారు పోయారు. ఆయన కూతురు ఫోన్ చేసి, "నాయన పోయినాడన్నా. మట్టి కూడా చేసొచ్చినాం" అని చెప్పింది. బస్సెక్కితే గంట దూరం. అయినా ఏడేళ్ళుగా ఆయన్ని చూడ్డానికి పోలేదు నేను. ఎందుకు పోలేదో మీకు చెప్పుకోవాలి.

ఆర్టీసీలో రిటైరయ్యాక ఆయన ఓర్వకల్లు దారిలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, ఆస్పత్రిలో తాగుడు మానిపించుకుని వచ్చినవాళ్ళను అందులో ఉంచుకునేవారు. పొద్దున పనులకు పోయి సాయంత్రం ఆ ఇంటికే తిరిగి రావాలి. తొమ్మిది మందిమి ఉండేవాళ్ళం. సారు గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ కౌగిలించుకునేవారు. ఉత్త ప్రేమే అనుకునేరు, వాసన పట్టడం! ముప్పై ఏళ్ళు కిక్కిరిసిన బస్సుల్లో టికెట్లు కొట్టిన మనిషి ముక్కు అది. లవంగాలు నమిలినా, పచ్చి ఉల్లిపాయ కొరికినా దాన్ని మోసం చెయ్యలేకపోయేవాళ్ళం. ఎవరైనా దిగులుగా కూర్చుంటే మాత్రం, "ముందుకు జరగప్పా, యెనక జాగా ల్యాదు" అని నవ్వించేవారు.

కొన్నాళ్ళకు ఆ ఇంటికి ప్రభుత్వ గుర్తింపు కావలసి వచ్చింది. అది రాకపోతే ఖాళీ చెయ్యాలని ఇంటి యజమాని శెట్టిగారు గట్టిగానే చెప్పారు. తాగుబోతుల కొంప అని చుట్టుపక్కలవాళ్ళు ఆయన్ని రోజూ సతాయిస్తున్నారు మరి. సారు గోడలకు సున్నం కొట్టించారు, ఇసుక బకెట్లు తగిలించారు, రోజూ ఎవరు ఎట్లా తిరిగి వచ్చారో రాసే రిజిస్టరు తెరిచారు. సరిగ్గా తనిఖీకి ముందురోజు నేను తాగి వచ్చాను.

రూలు ప్రకారం తాగినవాణ్ణి పంపించెయ్యాలి. లేదంటే రాయకుండా ఊరుకోవచ్చు. రెండింట్లో ఏదో ఒకటి చెయ్యమని మిగిలిన ఎనిమిది మందీ బతిమాలారు. సారు వినలేదు. "ఒకరు తాగి వచ్చినారు. పంపలేదు" అని రిజిస్టరులో రాశారు.

అధికారి అది చదివి, "ఏంది సార్ ఇది? ఇట్ల రాస్తే నేనెట్ల సంతకం పెట్టేది?" అన్నాడు.

"దిగినోడు మళ్ళా ఎక్కకూడదని యాడుండాది సార్? నేనే అబద్ధం రాస్తే, వీళ్ళను నిజం చెప్పండని ఎట్ల అడిగేది?" అన్నారు సారు.

గుర్తింపు రాలేదు. నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చేశాం. నాతో ఎవరూ మాట్లాడలేదు, వాళ్ళ తప్పేమీ లేదు.

ఆ తర్వాత నేను చుక్క ముట్టలేదు. ఆ ఒక్క మాట ఆయన చెవిన వెయ్యాలని ఎన్నిసార్లు బయల్దేరానో! కానీ మాలో ఇద్దరు మళ్ళీ తాగుడుకే పోయి చచ్చిపోయారని తెలిశాక, ఆయన ఎదుట నిలబడే ముఖం లేకపోయింది. ఇప్పుడు పోదామన్నా ఆయన లేరు.

ఇల్లు ఖాళీ చేసిన రోజు బస్టాండులో, అలవాటు కొద్దీ నేనే దగ్గరికి పోయి ఊపిరి వదిలాను. సారు ముఖం పక్కకు తిప్పుకున్నారు. కోపమేమో అనుకున్నాను.

"ఇంగ ఆ పని నీదేనప్పా" అన్నారు. వాసన చూడకుండానే, బస్సు విజిల్ పడేదాకా నన్ను గట్టిగా పట్టుకుని అట్లాగే నిలబడ్డారు.