టిష్యూ ప్యాకెట్ల పార్థసారథి గారు

సింగపూర్‌లోని బిషాన్‌లో పార్థసారథి గారిని ఎరిగిన తెలుగువాళ్ళెవరూ ఆయన ఎదుట "ఎందుకు" అన్న మాట వాడరు. పొరపాటున వాడితే ఆయన జేబులోంచి టిష్యూ ప్యాకెట్ బయటికి వస్తుంది.

ప్యాకెట్ బయటికి వచ్చిందా, ఇక ఎదుటి బల్ల బల్ల కాదు. అది మనిషి ఒంట్లో ఒక కణం. చుట్టూ ఉన్న కుర్చీలు రిసెప్టర్లు. కూర్చోబోయే మనం హార్మోన్లం. ఒకసారి సత్యనారాయణ వ్రతంలో పురోహితుడు "ప్రసాదం ఎందుకు పలచబడింది?" అని తనలో తాను గొణుక్కున్నాడు, పాపం. కథ అయిదో అధ్యాయానికి చేరేలోపు ఆయన పీట మూత్రపిండంలో ఒక కణం అయిపోయింది.

ఆయన ఇంటికి కింద, ఆరో అంతస్తులో ఉండే కావ్యశ్రీకి ఈ సంగతి ఫ్లాట్‌లో దిగిన వారంలోనే తెలిసింది. కరీంనగర్ పిల్ల, బ్యాంకులో ఉద్యోగం. భర్త నవనీత్ నెలలో సగం జకార్తాలో, సగం జూమ్‌లో. లిఫ్టు ఎంతకీ రాకపోతే "ఎందుకు వస్తలేదు?" అంది. పక్కన నిలబడ్డ పార్థసారథి గారి మొహం వెలిగిపోయింది.

"మంచి ప్రశ్న అమ్మాయ్! నువ్వు బటన్ నొక్కావు. అంటే కబురు పంపావు. కానీ పైన అందుకునేవాడు ఉండాలిగా? కణానికి చెవుల్లేవు, కళ్ళు లేవు. దాని ఒంటి పైన కుర్చీలుంటాయి. కబురు తెచ్చినవాడు వచ్చి తన కుర్చీలో కూర్చుంటేనే లోపల పని మొదలవుతుంది."

లిఫ్టు వచ్చింది, వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. కావ్యశ్రీ ఆ రోజు ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళింది.

ఆయన వన్-నార్త్ అనే పేటలో ఒక పరిశోధనశాలలో ఎలుకల కండరాల మీద పని చేస్తారు. ఒంగోలు మనిషి. అసలు పాఠానికి టిష్యూ ప్యాకెట్లు ఎందుకంటే, తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్లో మనం భోజనం కొనుక్కొచ్చేలోపు బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళితే చాలు, ఆ చోటు మనదే. దాన్నే ఇక్కడ చోప్ చేయడం అంటారు. కుర్చీ ఖాళీగానే కనబడుతుంది, కానీ సింగపూర్లో పుట్టిన ఏ ప్రాణీ దాన్ని ముట్టుకోదు. "రిసెప్టర్ మీద కూడా ఇలాగే ఎవడో ప్యాకెట్ పెట్టేసి పోతాడు. అసలువాడు ట్రే పట్టుకుని తిరుగుతూనే ఉంటాడు. అదే రోగం!" అంటారాయన, ప్యాకెట్‌ను కుర్చీలో దబ్బున పడేసి.

ఒక్కోసారి ఆ పాఠం పనికొచ్చేది కూడా. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళలోనే కీర్తిక అనే ఆమె కొడుకు వయసుకి తగ్గ ఎత్తు లేడని పుట్టినరోజు పార్టీలో ఆంటీలందరూ చుట్టుముట్టారు. "నువ్వు సరిగ్గా పెట్టట్లేదమ్మా", "ఉద్యోగం మానేస్తే తింటాడు", "నెయ్యి వెయ్యి". కీర్తిక కళ్ళలో నీళ్ళు. ఇంతలో ఎవరో "ఎందుకంటావ్?" అన్నారు. అంతే, కేకు పక్కన ఆరు ప్యాకెట్లు వరసగా వాలాయి.

"అమ్మా, పిల్లాడు పెరగాలని తలలోంచి హార్మోన్ వస్తుంది. కాలేయం మీద దానికో కుర్చీ ఉంటుంది. కొందరు పిల్లలకి హార్మోన్ బోలెడు, కుర్చీయే విరిగి ఉంటుంది. అప్పుడు తల్లి డబ్బా నెయ్యి పోసినా కుర్చీ బాగవుతుందా? వీడికి అదని నేనట్లేదు. డాక్టరు చూస్తాడు. కానీ పిల్లాడు పొట్టిగా ఉంటే తల్లిని కొలిచే ఈ అలవాటేమిటి మీకు?"

ఆంటీలు కేకు తినకుండానే కదిలారు. లోకంలో పిల్లల రోగాలన్నిటికీ మొదటి ముద్దాయి తల్లే. రెండో ముద్దాయి పిల్లే. ఆ రెండు కేసులూ కావ్యశ్రీ ఇంట్లోనే నడవబోతున్నాయని ఆ రోజు ఆమెకి తట్టలేదు. ఆమె ధ్యాసంతా ఇంకోదాని మీద ఉంది. ఈ మనిషికి ఇన్ని ప్యాకెట్లు ఎక్కణ్ణించి వస్తాయి?

పోనీ వాడతారా అంటే, ఆయన వాటిని వాడరు. తుమ్మొస్తే చేతిరుమాలు, చెమట పడితే భార్య కొంగు. ప్యాకెట్ మాత్రం చించరు. చించకుండా ఇంటికి పట్టుకెళ్తారు. మర్నాటికి జేబులు కొత్త ప్యాకెట్లతో మళ్ళీ ఉబ్బి ఉంటాయి.

"ల్యాబ్‌లోంచి ఎత్తుకొస్తున్నారేమో" అని ఒకరు, "టిష్యూ కంపెనీలో షేర్లున్నాయట" అని ఇంకొకరు. ఆయన భార్య శ్యామలాదేవి గారినే అడిగితే ఆవిడ కుళాయి విప్పినట్టు మొదలెట్టేది.

"బియ్యం డబ్బా పక్కన టిష్యూలు, దేవుడి అలమరలో టిష్యూలు, నా పట్టుచీరల మధ్య టిష్యూలు! ఇండియాకి వెళ్తే అందరూ చాక్లెట్లు పంచుతారు. మేం టిష్యూలు పంచుతాం. మా ఆడపడుచు 'వదినా, అక్కడ అందరికీ జలుబా?' అనడిగింది."

"అంకుల్ ఏమంటరు ఆంటీ?" అంది కావ్యశ్రీ.

"పరిశోధన సామగ్రట! ముట్టుకోకూడదట!"

ఇలా ఉండగా కావ్యశ్రీ కూతురు వర్షిత ఆరో తరగతికి వచ్చింది. సింగపూర్లో ఆరో తరగతి అంటే పెద్ద పరీక్ష. పన్నెండేళ్ళ పిల్ల ఏ బడికి వెళ్ళాలో, ఏ దారిన పోవాలో తేల్చేస్తారు. ఆ ఏడాది ఈ ఊళ్ళో పిల్లలకి అలసిపోయే హక్కు ఉండదు. స్కూలు, స్కూలు కాగానే ట్యూషన్, ట్యూషన్ కాగానే ఆ ట్యూషన్‌కి హోంవర్క్.

పొద్దున చలాకీగా లేచే వర్షితకి సాయంత్రమయ్యేసరికి ఎడమ కన్ను సగం మూతపడిపోయేది. ట్యూషన్ టీచరు ఫోన్ చేసింది. పిల్ల క్లాసులో జోగుతోంది, శ్రద్ధ లేదు, ఇలాగైతే కింది బ్యాచ్‌కి మార్చాల్సి ఉంటుంది.

కావ్యశ్రీ పిల్ల చేతిలో ఫోన్ లాగేసుకుంది. బాదంపప్పు నానబెట్టింది. నిలబెట్టి చదివించింది. మొహం మీద చన్నీళ్ళు కొట్టింది. నీళ్ళు కొట్టినప్పుడు కాస్త కన్ను తెరుచుకునేసరికి "చూసినవా, లేజీ నాటకం!" అంది.

"నాట్ స్లీపీ లా, అమ్మా. మై ఐ ఈజ్ లైక్ దట్" అంది వర్షిత, తన సింగపూర్ ఇంగ్లీషులో.

"మస్తు కారణాలు చెప్తవు!"

కొన్నాళ్ళకి వర్షిత వాదించడం మానేసింది. ఒక సాయంత్రం లెక్కల పుస్తకం ముందు కూర్చుని, "మేబీ ఐ యామ్ లేజీ" అంది, ఎవరితోనో కాదు, పుస్తకంతో. కావ్యశ్రీకి ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నా, శనివారం ఇంకో క్లాసు పెట్టించింది. ఏం చేయాలో తోచని తల్లి చేసే పని అదే ఈ ఊళ్ళో.

ఆ ఆదివారం సాయంత్రం ట్యూషన్ నుంచి పిల్లని తీసుకుని హాకర్ సెంటర్‌కి వెళ్ళింది. ఇసకేస్తే రాలనంత జనం. ఒక్క బల్ల మాత్రం దాదాపు ఖాళీ. దాని ఖాళీ కుర్చీ ఒక్కోదానిలో ఒక టిష్యూ ప్యాకెట్. మిగిలిన ఒక్క కుర్చీలో శ్యామలాదేవి గారు సిగ్గుతో తల దించుకుని కూర్చుంది.

"రా అమ్మాయ్, రా! మీ కోసమే రెండు రిసెప్టర్లు ఆపి ఉంచాను" అన్నారు పార్థసారథి గారు, చెరకురసం గ్లాసులతో వస్తూ.

వర్షిత కూర్చుని చేత్తో గడ్డం ఆనించుకుంది. ఎడమ కన్ను వాలిపోయింది.

"చూడుండ్రి అంకుల్, తిండి ముంగట గూడ నిద్రనే! అసలు గిట్ల ఎందుకు చేస్తదో..."

శ్యామలాదేవి గారు నుదురు పట్టుకుంది. "అనేశావా తల్లీ. అయిపోయింది. అన్నం చల్లారిపోయింది."

జేబులోంచి ప్యాకెట్ రానే వచ్చింది. కానీ బల్ల మీదికి దిగలేదు. గాలిలోనే ఆగింది. పార్థసారథి గారు వర్షిత మొహం వైపు చూస్తున్నారు.

"పొద్దున కూడా ఇలాగే ఉంటుందా తల్లీ?"

"మార్నింగ్ ఓకే వన్, అంకుల్. ఈవినింగ్ దెన్ లైక్ దిస్."

"తల ఎత్తకుండా పైన ఆ ఫ్యాన్ వైపు చూస్తూ ఉండు. రెప్ప వెయ్యకు."

చూసింది. చూస్తూ ఉండగానే ఎడమ రెప్ప కొద్దికొద్దిగా, దుకాణం షట్టర్ దింపినట్టు, కిందికి జారింది. కుడి కన్ను మాత్రం ఫ్యాన్ మీదే ఉంది. నిద్రయితే రెండు కళ్ళకీ వస్తుంది కదా! ఇన్నాళ్ళూ కూతురి మార్కులు చూసింది కానీ మొహం చూడలేదని కావ్యశ్రీకి అప్పుడు తెలిసింది.

అప్పుడు పార్థసారథి గారు ఎవరూ ఎన్నడూ చూడని పని చేశారు. ప్యాకెట్ చించారు.

"ఏవండీ!" అంది శ్యామలాదేవి గారు, గుడిలో ఏదో జరగరానిది జరిగినట్టు.

చెరకురసం గ్లాసులోంచి మంచు ముక్కలు తీసి, టిష్యూల్లో చుట్టి, మూసిన రెప్ప మీద మెత్తగా ఆనించి పట్టుకున్నారు. మంచు కరుగుతున్నంతసేపూ ఆయన పాఠం చెప్పలేదు. ఆ హాకర్ సెంటర్‌కి అది పండగ.

మంచు తీశారు. వర్షిత కన్ను పూర్తిగా తెరుచుకుంది.

"వా! ఇందాక ఇద్దరు అంకుల్స్ ఉన్నారు. నౌ ఓన్లీ వన్!"

"ఒక్కరు చాలమ్మా" అంది శ్యామలాదేవి గారు.

"రెండు రెండు కనబడుతున్నదా నీకు? నాకెందుకు చెప్పలేదే?" కావ్యశ్రీ కూతురి గడ్డం పట్టుకుంది.

"ఐ టోల్డ్ యూ వాట్. యూ సెడ్ గో అండ్ స్టడీ."

పార్థసారథి గారు ఇంకో ప్యాకెట్ తీసి, ఈసారి నెమ్మదిగా వర్షిత ముందు పెట్టారు.

"నువ్వు లేజీ కాదమ్మా. నరం 'రెప్ప ఎత్తు' అని కబురు పంపుతూనే ఉంది. కండరం మీద కుర్చీల్లో నీ ఒంటి కాపలావాళ్ళే పొరపాటున ప్యాకెట్లు పెట్టేశారని నా అనుమానం. కబురు ట్రే పట్టుకుని తిరుగుతోంది. పొద్దున కబుర్లు ఎక్కువ కాబట్టి ఎక్కడో చోట కుర్చీ దొరుకుతుంది. సాయంత్రానికి తగ్గిపోతాయి."

"దెన్ ఐస్?"

"ఇక్కడ ట్రేలు తీసే మనిషి ఉన్నాడు చూడు, అలాంటివాడు అక్కడా ఉంటాడు. కబురు కనబడితే చాలు తుడిచేస్తాడు. చలికి వాడు నెమ్మదిస్తాడు. ఆలోపు కబురుకి కుర్చీ దొరుకుతుంది." ఆయన కావ్యశ్రీ వైపు తిరిగారు. "నేను ఎలుకల మనిషిని. రేపే పిల్లల డాక్టరుకి చూపించు. ఇవాళ రెప్ప, రేపు మింగడం కష్టమయ్యేదాకా రాకూడదు."

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరమ్మ వర్షితని పైకప్పు వైపు చూడమంది. తర్వాత మంచు ప్యాకెట్ తెప్పించింది. వర్షిత తల్లి చెవిలో, "షీ కాపీ అంకుల్" అంది. రక్తపరీక్షలో కాపలావాళ్ళు దొరికిపోయారు. రోగం పేరు చాంతాడంత. మందు మాత్రం చిన్న మాత్ర. తుడిచేవాణ్ణి నెమ్మదింపజేసే మాత్ర. కొన్ని వారాలకి సాయంత్రాలు కూడా వర్షిత రెండు కళ్ళతో తల్లిని ఎదిరించడం మొదలుపెట్టింది. కావ్యశ్రీ ట్యూషన్లు మాన్పించేసింది. పరీక్షలో మధ్య మధ్య కళ్ళకి విశ్రాంతి ఇమ్మని బడికి డాక్టరమ్మే రాసింది.

ఈ మేలుకి ఏమిచ్చుకోవాలి? కావ్యశ్రీ బాగా ఆలోచించి, సూపర్‌మార్కెట్‌లో పెద్ద అట్టపెట్టె నిండా టిష్యూ ప్యాకెట్లు కొని మోసుకెళ్ళింది.

పార్థసారథి గారి మొహం పాలిపోయింది. "ఇన్నా? వద్దమ్మా. ఇవి పనికిరావు."

"ఎందుకు అంకుల్?"

జేబులోంచి ఏమీ రాలేదు. కావ్యశ్రీ మొట్టమొదటిసారి ఆయన్ని "ఎందుకు" అనడిగి జవాబు లేకుండా ఇంటికి వచ్చింది. అదే ఆమెకి నిద్ర పట్టనివ్వలేదు.

జవాబు మర్నాటి ఉదయం దొరికింది. రోజూ వెళ్ళే రైలు స్టేషన్ దగ్గరే. మెట్ల పక్కన చక్రాల కుర్చీలో ఒక చీనా ముసలావిడ, ఒడిలో టిష్యూ ప్యాకెట్ల సంచి. ఆవిడ ముందు పార్థసారథి గారు, జేబులు నింపుకుంటూ.

"ప్రొఫెసర్, యువర్ మౌస్ ఆల్వేస్ రన్నింగ్ నోస్ ఆహ్?"

"నో నో ఆంటీ, రిసెప్టర్! టుడే ఇన్సులిన్ రిసెప్టర్." ఆయన అక్కడే, ఆవిడ చక్రాల కుర్చీ చేతి మీద ప్యాకెట్ పెట్టి పాఠం మొదలెట్టారు. ఆవిడ పళ్ళు లేని నోటితో పకపకా నవ్వుతూ వింటోంది.

కావ్యశ్రీ ఏళ్ళ తరబడి ఆ మెట్లు దిగింది. ఆవిడ మొహం ఎలా ఉంటుందో అడిగితే చెప్పలేకపోయేది. ఈ ఊళ్ళో రైలు ఆగితే ఎందుకు ఆగిందని ఊరంతా నిలదీస్తుంది. ఆ వయసులో ఆవిడ ఎందుకు ఎండలో కూర్చుని అమ్ముకుంటోందో అడిగే నాథుడు లేడు.

దొరికిపోయిన పార్థసారథి గారు రైల్లో గొణుక్కుంటూ చెప్పారు.

"మొదట్లో ఓసారి డబ్బు చేతిలో పెట్టి, ప్యాకెట్లు వద్దన్నానమ్మా. కేకేసి వెనక్కి పిలిచింది. 'ఐ నాట్ బెగ్గర్! ఐ సెల్లింగ్!' అని అందరి ముందూ కడిగేసింది. న్యాయమే కదా? అది ఆవిడ వ్యాపారం. అప్పుడేం తోచక, 'నాకు నిజంగానే కావాలి ఆంటీ, పాఠం చెప్పడానికి' అనేశాను."

"పాఠమా?"

"అన్నాక చెప్పాలిగా మరి! చెప్పకపోతే ఆవిడతో అబద్ధం ఆడినట్టు కాదూ? అప్పట్నుంచీ ఎవరు దొరికితే వాళ్ళకి చెప్తున్నా."

కావ్యశ్రీకి నవ్వు ఆగలేదు. పురోహితుడి పీట, కీర్తిక కొడుకు కేకు, తను ఎక్కలేకపోయిన లిఫ్టు, వర్షిత కన్ను, అన్నీ ఈ ముసలావిడతో ఆడిన మాట నిలబెట్టుకోవడానికా!

"ఇంట్ల ఆంటీకి తెల్వదా?"

"అమ్మో, చెప్పకు! ఆవిడ నాకన్నా మెత్తన. ఆవిడా కొనడం మొదలెడితే మేం ఎక్కడ పడుకోవాలి?"

మర్నాడు కావ్యశ్రీ ఆ మెట్ల దగ్గర ఆగింది. సంచి నిండా కొంది. ముసలావిడ ఆమెను ఎగాదిగా చూసి అడిగింది.

"యూ ఆల్సో టీచ్ రిసెప్టర్ ఆహ్?"

"యెస్, ఆంటీ" అనేసింది కావ్యశ్రీ. అన్నాక ఏం చేస్తుంది!

ఆ మధ్యాహ్నం బ్యాంకు క్యాంటీన్‌లో మేనేజరు ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోకి తొంగి చూసి, నవ్వుతూ, ఇన్ని టిష్యూలు ఎందుకని అడిగాడు. పాపం, ఆయన బిషాన్ మనిషి కాదు.

కావ్యశ్రీ గొంతు సవరించుకుని, ఆయన ప్లేటు పక్కకి జరిపి, బల్ల మీద ఒక ప్యాకెట్ పెట్టింది.